గిడుగు చదివిన రాగిరేకు, వాడెల్ చదివిన ముద్ర

మన ఖరగ్‌పూర్ గోల్‌బజార్‌లో చరిత్ర మీద ఆసక్తి ఉన్న తెలుగువాళ్లు నలుగురు కూడితే ఎవరో ఒకరు ప్రాచీన మెసొపొటేమియాలోని సుమేరియన్ల మాట ఎత్తుతారు. వాళ్లు మనవాళ్లేనట. ఊళ్ల పేర్లు కలుస్తున్నాయి, దేవుళ్ల పేర్లు కలుస్తున్నాయి, ఇంకేం కావాలి అంటారు. నన్నడిగితే చాలానే కావాలి. ఆ మాట తేల్చడానికి ఇద్దరు ఔత్సాహిక పరిశోధకులను పక్కపక్కన పెట్టి చూద్దాం.

ఒకరు పర్లాకిమిడి బడిపంతులు గిడుగు వెంకట రామమూర్తి (1863–1940). మరొకరు కలకత్తా మెడికల్ కాలేజీలో రసాయనశాస్త్రం బోధించిన స్కాట్లండు సైనిక వైద్యుడు లారెన్స్ ఆస్టిన్ వాడెల్ (1854–1938). పురావస్తు శాస్త్రం ఇద్దరికీ జీతమిచ్చిన వృత్తి కాదు. గిడుగు అనగానే మనకు వాడుక భాష ఉద్యమమే గుర్తొస్తుంది. ఆయన శాసన పరిశోధన ఆ వెలుగులో మరుగున పడిపోయింది. వాడెల్ పేరు మనలో చాలామంది వినలేదు. కానీ మన దగ్గర తిరిగే సుమేరు వాదాలు నడిచేది ఆయన వేసిన బాటలోనే.

వాడెల్‌కు దక్కాల్సిన గౌరవం ముందు చెప్పాలి. అశోకుడి పాటలీపుత్రాన్ని గంగ ఎప్పుడో కోసుకుపోయిందని పురావస్తు శాస్త్రవేత్త కన్నింగ్‌హామ్ అంతటివాడు అనుకున్నాడు. వాడెల్ చైనా యాత్రికుల రాతలు చేతబట్టుకుని పాట్నా చుట్టుపక్కల నేల తిరిగి చూశాడు. నగరం అక్కడే ఉందని 1892లో ప్రకటించాడు. తర్వాతి తవ్వకాలు ఆయన మాటే నిలబెట్టాయి.

అదే మనిషి ముప్పై ఏళ్ల తర్వాత పూర్తిగా వేరే దారి పట్టాడు. 1924 సెప్టెంబరులో పురావస్తు శాఖ అధిపతి జాన్ మార్షల్ సింధు నాగరికత సంగతి లోకానికి చెప్పాడు. మరుసటి ఏడే వాడెల్ ఆ ముద్రలను చదివేశానంటూ పుస్తకం తెచ్చాడు. ఆయన పద్ధతి ఇది: సింధు ముద్ర మీది గుర్తుకు దగ్గరగా కనిపించే సుమేరు గుర్తును వెతకాలి, దాని ఉచ్చారణను దీనికి అంటగట్టాలి, వచ్చిన పేరును వేదాల్లో, పురాణాల్లో ఉన్న పేర్లతో జత చేయాలి. రెండు భాషల్లో చెక్కిన రాయి ఒక్కటి కూడా చేతిలో లేదు. పేరు కుదరకపోతే ఉచ్చారణ మార్చుకోవచ్చు, అదీ కుదరకపోతే మరో రాజును తెచ్చుకోవచ్చు. తప్పని తేలే వీలే లేని పద్ధతి ఇది. సుమేరియన్లు ఆర్యులన్నాడు, బ్రిటన్ వాసులకు మూలం ఫినీషియన్లన్నాడు, ఈజిప్టు నాగరికతా సుమేరుదేనన్నాడు. నిపుణులు వీటిలో ఒక్కటీ ఒప్పుకోలేదు.

గిడుగు ఏం చేశారో చూడండి. ముఖలింగం గుళ్ల గోడల మీది పాత లిపిని తనంతట తానే నేర్చుకున్నారు. గంగరాజు వజ్రహస్తుడి నడగాం రాగిరేకులను పరిష్కరించి ‘ఎపిగ్రాఫియా ఇండికా’ నాలుగో సంపుటంలో అచ్చు వేయించారు. శాసన కాలం శకం 979, అంటే క్రీ.శ. 1057. రాజు పట్టాభిషేక సంవత్సరం అందులో అంకెల్లో ఉండదు, ఆకాశం, ఋతువులు, నిధులు అని మాటల్లో ఉంటుంది. ఆకాశం సున్న, ఋతువులు ఆరు, నిధులు తొమ్మిది. కుడి నుంచి ఎడమకు చదివితే 960. పక్కనే తిథి, వారం, నక్షత్రం. ఎవరైనా పంచాంగ గణితం వేసి సరిచూసుకోవచ్చు. గిడుగు తప్పు చదివి ఉంటే పట్టుబడిపోయేవారు. ఆ పట్టుబడే అవకాశమే ఆయన పనికి బలం.

గంగుల రాజధాని కళింగనగరం ఎక్కడ అన్న విషయమూ అంతే. పేరు కలిసింది కదా అని శాసన పండితుడు ఫ్లీట్ దాన్ని కళింగపట్నం అన్నాడు. గిడుగు గుళ్లలోని శాసనాలు చూపించి ముఖలింగం అన్నారు. నేటి చరిత్రకారుల్లో ఎక్కువమంది మొగ్గు గిడుగు వైపే. సముద్రం అవతలి సంబంధాల పరిశోధనకు ఆయన ఇచ్చింది ఇంకా విలువైనది. 1919లో వంశధార ఒడ్డున శాలిహుండం బౌద్ధ క్షేత్రాన్ని వెలుగులోకి తెచ్చారు. సవరల మధ్య తిరిగి, వాళ్ల నోటి నుంచి విని, వ్యాకరణం, నిఘంటువు రాశారు. ఆ సవర భాషకు ఖ్మేర్, మోన్ భాషలు దూరపు చుట్టాలని భాషాశాస్త్రం చెబుతోంది. బంగాళాఖాతం అవతలి తీరంతో మనకున్న పాత బంధానికి ఇంతకన్నా గట్టి సాక్ష్యం ఏముంటుంది?

పోలిక చూసి మోసపోవడం ఔత్సాహికులకే పరిమితం కాదు. శాలిహుండంలో, మన పక్కనున్న తమ్లుక్‌లో, అరికమేడులో, బాలి ద్వీపపు సెంబిరాన్‌లో ఒకే రకం పళ్లెం పెంకులు దొరికాయి. నునుపైన పలచటి మట్టి పళ్లెం, లోపల అడుగున చుట్లు చుట్లుగా సన్నటి గాట్లు. రౌలెటెడ్ వేర్ అంటారు. 1945లో అరికమేడు తవ్విన మార్టిమర్ వీలర్, పనితనం చూసి ఇవి మధ్యధరా ప్రాంతం నుంచి వచ్చాయనుకున్నాడు. మట్టిని పరీక్షించిన వి.డి. గోగ్టే 1997లో దీని పుట్టిల్లు తమ్లుక్–చంద్రకేతుగఢ్ ప్రాంతమన్నారు. సరిగ్గా ఆ చోటేనా అన్నదాని మీద వాదన ఉంది గానీ, ఇది రోమ్ సరుకు కాదన్నది తేలిపోయింది.

సింధు–సుమేరు సంబంధం కూడా నిజమే, కానీ అది వాడెల్ చూపిన చోట లేదు. సుమేరు నగరం ఉర్‌లో దొరికిన సింధు తరహా ముద్రలను 1932లో సి.జె. గాడ్ ప్రచురించాడు. అక్కడి సమాధుల్లో మన కార్నీలియన్ అనే ఎర్రరాయి పూసలున్నాయి. సింధు ప్రాంతమని పండితులు భావించే మెలుహ్హ ఓడలు తన రేవుకు వచ్చాయని అక్కాద్ రాజు సార్గన్ రాయించుకున్నాడు. వస్తువు కదిలి వెళ్లిన జాడ ఇది.

అందుకే ఇద్దరిలో నా ఓటు గిడుగుకే. పాట్నా పొలాల్లో తిరిగిన వాడెల్‌కూ కొంత వాటా ఇస్తాను, ముద్రలు చదివిన వాడెల్‌కు ఇవ్వను.

ఖరగ్‌పూర్ తెలుగువాళ్లలో చాలామందికి సొంతూళ్లు సిక్కోలు, విజయనగరం వైపే. ఈసారి ఊరెళ్లినప్పుడు ఆమదాలవలసలో దిగి శాలిహుండం చూసి రండి. వెనక్కి వచ్చాక పాంశ్‌కుడా మీదుగా తమ్లుక్ వెళ్లి అక్కడి మ్యూజియం చూడండి. మీ ఊళ్లో బావి తవ్వుతుంటే పాత ఇటుకో పెంకో బయటపడితే కదపకండి. ఉన్నచోటే ఫొటో తీసి, తేదీ రాసి, పురావస్తు శాఖకు కబురు చేయండి.