లైబ్రరీ సైటుకు పరీక్ష రావికమతంలో

విశ్వవిద్యాలయ గ్రంథాలయం వెబ్‌సైటు విద్యార్థికి ఎంత తేలిగ్గా లొంగుతుందో తెలుసుకునే పద్ధతి చాలా సాదాసీదా. అతనికి ఒక పని చెప్పాలి, పక్కన కూర్చోవాలి, నోరు మెదపకుండా చూడాలి. దీనికి యూజబిలిటీ టెస్టింగ్ అని పేరు. పని పూర్తయిందా, దానికి ఎంత సమయమూ శ్రమా పట్టాయి, చివరకు మనిషికి తృప్తి మిగిలిందా అనే మూడు సంగతులు కొలవమంటుంది ఐఎస్ఓ 9241 ప్రమాణంలోని 11వ భాగం. ఎస్.ఆర్. రంగనాథన్ 1931లో వెలువరించిన గ్రంథాలయ శాస్త్ర పంచసూత్రాల్లో నాలుగోది పాఠకుడి కాలం ఆదా చేయాలన్నదే. అది చెక్క సొరుగుల్లో కార్డులు వెతుక్కునే రోజుల సూత్రం. కేటలాగు ఫోనులోకి దిగాక ఆ సూత్రం నిలబడిందో లేదో ఈ పరీక్షలో తేలుతుంది.

ఉత్తరాంధ్రలో ఈ ప్రస్తావన వస్తే ముందు గుర్తుకొచ్చేది ఆంధ్ర విశ్వవిద్యాలయం, అందులోని డాక్టర్ వి.ఎస్. కృష్ణా గ్రంథాలయం. 1926లో బెజవాడలో మొదలైన ఈ విశ్వవిద్యాలయం 1930లో వాల్తేరుకు మారింది. 1935లోనే గ్రంథాలయ శాస్త్రంలో డిప్లొమా కోర్సు పెట్టింది. అక్కడ చదివేవాళ్లంతా విశాఖ వాళ్లు కారు. అనకాపల్లి జిల్లా రావికమతం, కొత్తకోట లాంటి ఊళ్ల నుంచి వెళ్లి హాస్టల్లో ఉంటూ, పండగలకూ పరీక్షల ముందు సెలవులకూ ఇంటికి వచ్చేవాళ్లు అందులో ఉన్నారు. లైబ్రరీ హాలు మూసిన వేళ, లైబ్రరీకి దూరంగా ఉన్న చోట అక్కరకు రావలసిందే వెబ్‌సైటు. కాబట్టి ఆ సైటుకు అసలు పరీక్ష ఎక్కడ పెట్టాలన్న ప్రశ్న చిన్నది కాదు.

సాధారణంగా దాన్ని లైబ్రరీలోనే పెడతారు. సౌకర్యం కనక. కంప్యూటర్లుంటాయి, వైఫై ఉంటుంది, విద్యార్థులు దొరుకుతారు. చిక్కు కూడా అక్కడే ఉంది. చందా కట్టి తెప్పించే జర్నళ్లు చాలావరకు పాఠకుడిని అతని ఐపీ అడ్రసును బట్టి గుర్తుపడతాయి. క్యాంపస్ వైఫైలో నొక్కిన లింకు వెంటనే పీడీఎఫ్ ఇస్తుంది. అదే లింకును రావికమతంలో సొంత డేటా మీద నొక్కితే వ్యాసానికి ఇన్ని డాలర్లు కట్టమని అడుగుతుంది. ఇంటి నుంచి చదవాలంటే ముందు వేరే దారిలో, సంస్థ ఇచ్చిన లాగిన్‌తో లోపలికి రావాలి. గాంధీనగర్‌లోని ఇన్‌ఫ్లిబ్‌నెట్ ఇందుకోసం ఇన్‌ఫెడ్ అనే ఏర్పాటు నడుపుతోంది. అలాంటి దారి ఉందని సైటు విద్యార్థికి సరైన చోట, సరైన సమయంలో చెబుతోందా లేదా అన్నది లైబ్రరీ హాల్లో కూర్చుని ఎన్నిసార్లు పరీక్షించినా బయటపడదు. అక్కడ ఆ అవసరమే రాదు.

ఇది డబ్బుతో కూడిన విషయం కూడా. 2025 జనవరి 1న మొదలైన 'వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్' కింద 30 మంది ప్రచురణకర్తల దాదాపు 13 వేల జర్నళ్లు 6,300కు పైగా ప్రభుత్వ విద్యా, పరిశోధన సంస్థలకు అందాలి. మూడేళ్లకు కేంద్రం కేటాయించినది 6,000 కోట్ల రూపాయలు. ఇంత ఖర్చు పెట్టి కొన్నది ఊళ్లో ఉన్న విద్యార్థికి డాలర్ల రసీదులా కనబడితే తప్పు అతని ఇంగ్లీషుది కాదు. అందుకే పరీక్షలో కనీసం సగం క్యాంపస్ బయట, విద్యార్థి సొంత ఫోను మీద, అతని డేటా ప్యాకు మీద జరగాలి. సిగ్నలు అంతంతమాత్రంగా ఉన్న చోట అయితే మరీ మంచిది. మొదటి పేజీలో గిరగిరా తిరిగే పెద్ద పెద్ద ఫొటోల అసలు ఖరీదు అక్కడ తెలుస్తుంది.

ఎంతమంది కావాలి? వందల మంది అక్కర్లేదు. ఒక్కో మనిషి సగటున 31 శాతం లోపాలను బయటపెడతాడని, అయిదుగురితో దాదాపు 85 శాతం తేలిపోతాయని యూజబిలిటీ నిపుణుడు జేకబ్ నీల్సన్ లెక్క. దీన్ని చాలామంది సగమే గుర్తుపెట్టుకుంటారు. ఆ అయిదుగురూ ఒక కోవ వాళ్లయితేనే ఆ లెక్క. తన ఇంట్లో అందరికంటే మొదట పీజీ దాకా వచ్చిన తెలుగు మీడియం అమ్మాయి, నాలుగేళ్లుగా పీహెచ్‌డీ చేస్తున్న స్కాలరు ఒక కోవలోకి రారు. కోవకు ముగ్గురు నలుగురు చొప్పున తీసుకోవాలి. స్క్రీన్ రీడరుతో చదివే అంధ విద్యార్థులు ఎవరి జాబితాలోనూ మొదట ఉండరు. 2016 దివ్యాంగుల హక్కుల చట్టం వచ్చాక వాళ్లను వదిలేయడానికి సాకు లేదు. బొమ్మల్లా స్కాన్ చేసి పెట్టిన పాత ప్రశ్నపత్రాలను స్క్రీన్ రీడరు సరిగా చదివి వినిపించలేదు.

పని అప్పగించే మాటల్లో ఎక్కువ జాగ్రత్త కావాలి. 'ఓపాక్‌లో (ఆన్‌లైన్ కేటలాగులో) ఈ పుస్తకం వెతుకు' అంటే పరీక్ష అక్కడితో అయిపోయినట్టే. ఏ బటన్ నొక్కాలో చెప్పేశారు కనక. 'కన్యాశుల్కం లైబ్రరీలో ఉందా, ఇప్పుడు వెళ్తే చేతికి దొరుకుతుందా చూడు' అనాలి. 'కిందటేడాది సెమిస్టరు పేపర్లు తియ్యి', 'చెరకు మీద గాని, బెల్లం వ్యాపారం మీద గాని ఎవరైనా పీహెచ్‌డీ చేశారేమో చూడు' అనాలి. ఈ చివరిది శోధ్‌గంగ దాకా తీసుకెళ్లాలి. సిద్ధాంత గ్రంథాల ఎలక్ట్రానిక్ ప్రతులను అందులో పెట్టాలన్నది యూజీసీ నిబంధన. సైటు అక్కడికి తోవ చూపుతోందో, విద్యార్థి విసిగి గూగుల్‌కు పోతున్నాడో చూడాలి. గూగుల్‌కు పోవడం తప్పేమీ కాదు. రాసుకోవలసిన ఫలితం మాత్రం అవును.

కన్యాశుల్కం పేరు ఎత్తింది ఊరికే కాదు. దాన్ని రాసిన గురజాడ పుట్టింది ఇప్పటి అనకాపల్లి జిల్లాలోని ఎస్. రాయవరంలో, నాటకం తొలి ప్రచురణ 1897, తిరగరాసిన రూపం 1909. తెలుగు నాటకాల్లో ఇంతకంటే పేరున్నది లేదు. అయినా సెర్చి పెట్టెలో అది దొరకడం ఒక గండం. పట్టికలో ఇంగ్లీషు లిపిలో ఎక్కించి ఉంటే 'శు'కు ఎస్ ఒక్కటే రాశారా, పక్కన హెచ్ కూడా పెట్టారా, దీర్ఘానికి 'ఏ' అక్షరం రెండుసార్లు కొట్టారా తెలియదు. చివర సున్నా ఉందో, 'ము' ఉందో చెప్పలేం. తెలుగు లిపిలోనే ఎక్కించినా అది యూనికోడ్ రాకముందు డీటీపీ ఫాంట్లలో కొట్టిందైతే కంప్యూటరుకు అది తెలుగే కాదు. డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా స్కాన్ చేసిన తెలుగు పుస్తకాలను వెతికినవాళ్లకు ఈ బాధ తెలుసు. కేటలాగు రికార్డుల మార్క్ నమూనాలో అసలు లిపి కోసం 880 అనే ఫీల్డు ఉంది. నింపితే రెండు లిపుల్లోనూ పుస్తకం దొరుకుతుంది. ఎవరు ఏ అక్షరాలు కొట్టారో పరీక్షలో ఉన్నదున్నట్టు రాసుకుంటే కేటలాగు రాసేవారికి అంతకంటే పనికొచ్చే జాబితా ఉండదు.  ఈ లిపి సమస్య ఇక్కడివాళ్లే తేల్చుకోవలసింది.

పని చేస్తున్నంతసేపూ మనసులో తోచింది పైకి అనమంటారు. 1982లో ఐబీఎంలో క్లేటన్ లూయిస్ ఈ రంగానికి తెచ్చిన పద్ధతి ఇది. ఇంగ్లీషులో చెప్పమంటే విద్యార్థి అప్పజెప్పిన పాఠం వల్లిస్తాడు. ఇంట్లో మాట్లాడే మాటల్లో వదిలేస్తే 'ఇదేటి, మళ్లీ పాస్‌వర్డ్ అడుగుతంది' అంటాడు. ఏ స్క్రీన్ దగ్గర ఆ 'ఇదేటి' వచ్చిందో రాసుకుంటే చాలు. బిడియస్తులైతే ఇద్దరు స్నేహితుల్ని ఒకే ఫోను దగ్గర కూర్చోబెట్టడం మేలు. ఒకరికొకరు చెప్పుకుంటారు, పరీక్ష సంగతే మరిచిపోతారు.

పక్కన ఎవరు కూర్చుంటారన్నదీ ముఖ్యమే. లైబ్రేరియన్ స్వయంగా కూర్చుంటే వచ్చే జవాబు ఒకటే: 'బాగుంది సార్.' దారి తప్పితే 'నాకే తెలీలేదు సార్' అని తప్పు నెత్తిన వేసుకుంటారు. సీనియర్ విద్యార్థినో, వేరే విభాగం మనిషినో కూర్చోబెట్టాలి. పరీక్ష సైటుకే గాని తమకు కాదని మొదట్లోనే చెప్పాలి. స్క్రీన్ రికార్డు చేస్తే ముందుగా అనుమతి తీసుకోవాలి. రోల్ నంబరు రాసుకోకూడదు, పాస్‌వర్డ్ కొట్టేటప్పుడు రికార్డింగ్ ఆపాలి. అన్నిటికంటే కష్టమైనది సాయం చేయకపోవడం. విద్యార్థి తడబడుతుంటే 'అదిగో, పైన మూడు గీతలున్నాయి చూడు' అనడానికి నాలుక దురద పెడుతుంది. ఆ ఒక్క మాటతో ఆ పని ఫలితం చెడిపోతుంది.

మెనూలో ఏ పేరు కింద ఏముండాలో తేల్చడానికి మరో చిన్న పద్ధతి ఉంది, కార్డ్ సార్టింగ్. ఒక్కో కార్డు మీద ఒక్కో అంశం రాసి, విద్యార్థుల్నే గుంపులుగా పేర్చి వాటికి పేర్లు పెట్టమంటారు. 'ఈ-రిసోర్సెస్', 'రిపోజిటరీ', 'డిస్కవరీ' అని ఎవరూ పెట్టరు. బర్క్‌లీ గ్రంథాలయంలో పనిచేసిన జాన్ కూపర్‌స్మిత్ అమెరికా లైబ్రరీల పరీక్షా ఫలితాలను పోగుచేసి చూపించిందీ ఇదే: 'డేటాబేస్' వంటి వృత్తి పదాల దగ్గరే విద్యార్థులు ఆగిపోతున్నారు.

పనులన్నీ అయ్యాక తృప్తిని కొలవడానికి 1986లో జాన్ బ్రూక్ తయారుచేసిన ఎస్‌యూఎస్ ప్రశ్నావళి ఉంది. పది వాక్యాలు, నూటికి మార్కులు, సగటు 68 దగ్గర. ఆ మార్కు ఎక్కడ తప్పు ఉందో చెప్పదు. అధికారులకు చూపించడానికి పనికొస్తుంది.

నివేదిక రెండు పేజీలు దాటితే చదివేవారుండరు. ఏ పనిలో ఎంతమంది ఆగారు, ఎక్కడ ఆగారు, దేన్ని ముందు సరిచేయాలి అన్నంతవరకే ఉండాలి. ఎక్కువమందిని ఆపిన రెండు మూడింటిని సరిచేసి అవే పనులతో మళ్లీ పరీక్ష పెట్టాలి. పదిహేనుమందితో ఒకసారి కంటే అయిదుగురేసి మూడుసార్లు నయం. రెండోసారి మాత్రం పాత విద్యార్థులు పనికిరారు, వాళ్లకు దారి తెలిసిపోయి ఉంటుంది. పీజీ అడ్మిషన్లు పూర్తయి, కొత్తవాళ్లు లాగిన్ తీసుకుని, తొలి సెలవులకు ఇళ్లకు వెళ్లే వారం దానికి అన్నిటికంటే అనువైనది.