ఎర్రముక్కు దండకం

తుప్పురంగు ఒంటిదానా, వంపు ముక్కుదానా, తాటిమొవ్వులో కాపురం పెట్టేదానా, ఎర్రముక్కు పురుగా! నిన్ను తిట్టేవాళ్ళకు కరువు లేదు. నేను పొగడటానికొచ్చాను.

మార్కాపురం నుంచి గిద్దలూరు దాకా ఎండ కాగే నేల. అయినా గట్టు మీద తాడి, వాగులో ఈత, పెరట్లో కొబ్బరి నీకోసమే నిలబడినట్టుంటాయి. వాన మొహం చాటేసిన ఏడు కూడా ఆ మానుల కడుపులో తడి ఆరదు. నీ వలపంతా ఆ తడి చుట్టూనే.

తాడిలో పోతుతాడు వేరు, పెంటితాడు వేరు. మొలిచినచోటు కదలకుండానే వాటి సంసారం సాగిపోతుంది. నీకంత ఓపికెక్కడిది? రెక్కలున్నాయి, వాసన పసిగట్టే మీసాలున్నాయి.

మట్ట విరిగినచోట, గీతకత్తి దిగినచోట, కొమ్ముపురుగు మొవ్వు తొలిచినచోట రసం కారి పులుస్తుంది. ఆ పులుపే నీకు తొలి కబురు. అక్కడ చేరి కడుపు నింపుకున్న మగపురుగు ఒంటిలోంచి ఇంకో వాసన వదులుతుంది. దాని పేరు ఫెర్రుజినియాల్. కెనడాలోని సైమన్ ఫ్రేజర్ విశ్వవిద్యాలయం శాస్త్రవేత్తలు 1993లో దాని గుట్టు విప్పారు. గుట్టన్నాను గానీ నీకు గుట్టెక్కడిది! ఆ పిలుపు విని ఆడవీ వస్తాయి, మగవీ వస్తాయి. పులిసిన చెట్టు వాసన తోడైతే వచ్చే మంద ఇంకా పెరుగుతుంది. తోడు, తిండి, పిల్లలకు ఇల్లు అన్నీ ఒక్క గాయంలోనే చూసుకుంటావు. మనుషుల్లో ఇంత ముందుచూపున్న వలపు అరుదు.

అరచేతిలో పెట్టుకుని చూస్తే మీ ఆడామగా తేడా ముక్కు మీదే తెలుస్తుంది. మగదాని ముక్కు పైన కురచ వెంట్రుకల కుచ్చు, ఆడదాని ముక్కు నున్నన. గాలిలో వాసన దారి చూపుతుంది గానీ, దగ్గరయ్యాక తాకుడే మాట. మీసాలతో తడిమి, ఒంటి మీది మైనపు పూతను బట్టి ఎదుటిదెవరో పోల్చుకుంటావు. ఒక్క కలయికతో నీ ఆడదానికి తృప్తి లేదు. బతికే ఆ రెండు మూడు నెలల్లో మళ్ళీ మళ్ళీ జతకడుతుంది. ముక్కుతో మెత్తని చోట గుంట తొలిచి గుడ్డు పెడుతుంది, అలా 200 దాకా. మూడు రోజులు తిరిగేసరికి పిల్లలు మాను లోపలికి దారి చేసుకుంటాయి. చెట్టుకు చెవి ఆనిస్తే కరకరా నమిలే చప్పుడు వినిపిస్తుంది. పైన ఆకు మాత్రం పచ్చగానే ఊగుతుంటుంది. మొవ్వు వాలిన రోజున గానీ రైతుకు తెలియదు, తెలిసేసరికి చెట్టు చేజారిపోతుంది.

ఓ దేశాలు దాటినదానా! 1980ల నడుమ గల్ఫ్ ఖర్జూర తోటలకూ చేరావు. అక్కడా ఇదే కాపురం, ఇదే గాయం, ఇదే పులుపు.

నీ పిలుపును ఇప్పుడు మనిషీ నేర్చాడు. బకెట్టుకు కన్నాలు పెట్టి, లోపల ఫెర్రుజినియాల్ ఎర వేలాడదీసి, అడుగున పులిసిన కల్లో బెల్లం నీళ్ళో పోస్తాడు. లింగాకర్షక బుట్ట అని దానికి పేరు. మోసమే, ఒప్పుకుంటాం. కానీ మా తాత నాటిన చెట్టును నువ్వు అడిగి తిన్నావా?

నీ వలపుకు వెయ్యి దండాలు. చెట్టును మాత్రం ఇవ్వం. పచ్చిమట్టను మొదలంటా నరకం, మూడు నాలుగడుగులు వదిలి కోస్తాం. పేడదిబ్బ తిరగేసి కొమ్ముపురుగు పిల్లల్ని ఏరేస్తాం. నీకు ముందుగా తలుపు తీసేది అదే కదా! గాయమైతే ఆ పూటే మందు పూస్తాం. నీ మగవాడు ఎంత కమ్మగా పిలిచినా సరే, గుడ్డు పెట్టే చోటు చూపించలేని వరుణ్ణి నీ ఆడది ఏం చేసుకుంటుంది?