ఉల్‌గులాన్ – నవలలో నాయకుడు

తిరుగుబాటును గూర్చి వ్రాయు నవలాకారునకు మొదట ఎదురగు చిక్కు నాయకుడే. అతనిని దేవునిగా నిలిపినచో జనము భజనబృందమగును. సామాన్యునిగా దించినచో వేలమంది అతని వెంట ఏల నడచిరో బోధపడదు. మహాశ్వేతాదేవి ‘అరణ్యేర్ అధికార్’ ఈ చిక్కును తప్పించుకొనక దాని నడుమనే నిలిచిన నవల. 1979లో సాహిత్య అకాడమీ పురస్కారము పొందినది.

కథ చరిత్రకెక్కినదే. ముండాల ఉమ్మడి భూములు జమీందారుల, వడ్డీవ్యాపారుల పాలైనవి; అడవి ప్రభుత్వపరమైనది; వెట్టి మిగిలినది. 1875లో పుట్టిన బిర్సా చాయిబాసా మిషన్ బడిలో చదివి, దానిని విడిచి, తానే ‘ధర్తీ ఆబా’, అనగా భూమికి తండ్రి, అయినాడు. 1899 క్రిస్మసు ముందురోజున ఉల్‌గులాన్ రగిలినది. 1900 ఫిబ్రవరిలో చక్రధర్‌పూర్ అడవులలో పట్టుబడి, జూన్ 9న రాంచీ జైలులో మరణించెను. ఇరువదియైదేండ్లు నిండలేదు.

నవల ఆ మరణముతోనే మొదలగుట గమనింపదగినది. ఏమగునో ముందే తెలిసిన పాఠకుడు ఎందుకైనదో వెదకును. అంతకంటె మేలైనది ఆకలిని చూపిన తీరు. ఘాటో త్రాగి బ్రదుకు ముండాకు అన్నము కల, ఉప్పు అపురూపము. ఈ నవలలో స్వరాజ్యమను మాటకంటె చిటికెడు ఉప్పు బరువైనది. దేవుడైన బిర్సా కూడ ఆ ఉప్పు ఎరుగని ఇంటి బిడ్డయే. అందుచేతనే అతని దైవత్వము నమ్మదగినదిగా నున్నది. జైలు ఉద్యోగియైన అమూల్య పాత్ర మాత్రము కొంత అతుకుగా తోచును. చదువరుల తరఫున జాలిపడుటకు ఒక చదువరి కావలెనా?

ఇదే కాలమున టాల్‌స్టాయి ‘హాజీ మురాద్’ వ్రాయుచుండెను. యౌవనమున చక్రవర్తి సైన్యముతో కాకసస్‌లో నుండిన ఆయన, చెచెన్ కొండవాండ్ర నాయకుడగు షమీల్‌ను గాని, జార్ నికొలస్‌ను గాని మన్నింపలేదు. ఇద్దరి అధికారము నడుమ నలిగిన మనిషిని పట్టుకొనెను.

మన మన్యము సంగతి వేరు. 1882 అటవీచట్టము, నర్సీపట్నము–చింతపల్లి బాటపై వెట్టి, ముఠాదారుల హక్కుల నష్టము – ఇవన్నియు 1922 ఆగష్టునాటి చింతపల్లి ఠాణా దాడికి వెనుకనున్నవి. అయినను తెలుగు రచనలలో అల్లూరి సీతారామరాజు వెలుగున గాం గంటందొర నీడయై పోయినాడు. గాం మల్లుదొర శిక్ష అనుభవించి వచ్చి, స్వతంత్ర భారతపు తొలి లోక్‌సభలో సభ్యుడయ్యెను. అంతకంటె నవలకు తగిన జీవితమేది?

ఇనుము పనికై వచ్చి, బిష్టుపూర్‌లో రామమందిరము కట్టుకొన్న జంషెడ్‌పూర్ తెలుగువారి చెంతనే నేడు బిర్సానగర్ అను పేట కలదు. ముండారీలో పైవానిని ‘దికు’ అందురు. వడ్డీవ్యాపారికిని ఆ మాటయే, దూరమునుండి వచ్చినవానికిని ఆ మాటయే. ‘పరదేశి’ యన్నచో అందులోని చేదు రాదు. ఆ ఊరి తెలుగు రచయిత ఈ కథను చెప్పబూనినచో, కథకుని నోట ఆ మాట ఎవరిని గూర్చి వచ్చునో మొదటి పుటలోనే తేల్చుకొనవలసి యుండును.