నిల్వ చూస్తే చాలదు

జీతాలు పడిన శుక్రవారం సాయంత్రం బహ్రెయిన్‌లోని రిఫాలో డబ్బు పంపే ఎక్స్ఛేంజ్‌ల దగ్గర మనవాళ్లు లైను కడతారు. ఒకతని ఖాతాలో ఇవాళ 40 దినార్లు ఉన్నాయనుకోండి. ఏం తెలిసినట్టు? ఎంత వచ్చింది, ఎంత ఖర్చయింది, ఊళ్లో స్థలంలో ఎంత ఇరుక్కుపోయింది? ఏదీ తెలియదు. పెట్ స్కాన్ రిపోర్టులో మేం రాసే ఎస్‌యూవీ, అంటే మందు ఒకచోట ఎంత పేరుకుందో చెప్పే కొలత, కూడా ఇలాంటి నిల్వ అంకే.

సూది వేసిన గంటకు బొమ్మ తీస్తాం. రేడియోధార్మిక చక్కెర ఎఫ్‌డీజీ ఎక్కడ ఎంత పేరుకుందో కనిపిస్తుంది. ఎలా పేరుకుందో కావాలంటే మందు ఎక్కించిన క్షణం నుంచే కెమెరా నడవాలి. రక్తంలో మందు తగ్గుతున్న తీరుకొక గీత, కణితిలో పెరుగుతున్న తీరుకొక గీత. ఆ రెంటినీ కలిపి లెక్క తీయడమే ట్రేసర్ కైనెటిక్ మోడలింగ్. లోపలికి వచ్చేది కె1, తిరిగి రక్తంలోకి పోయేది కె2, హెక్సోకైనేజ్ అనే ఎంజైమ్ ఫాస్ఫేట్ తగిలించడంతో కణంలోనే చిక్కుబడేది కె3.

1977లో శాస్త్రవేత్త సోకొలాఫ్ బృందం ఎలుకల మెదడు మీద ఇలాంటి లెక్కే కట్టింది. 1983లో పాట్లాక్, ఆయన సహచరులు ఈ తరహా లెక్కను ఒక సరళరేఖ దాకా తెచ్చారు. ఆ గ్రాఫంటే నాకు ప్రాణం. మొదటి చుక్కలు వంకర టింకరగా పోతాయి, కాసేపటికి బుద్ధిగా వరసలోకొస్తాయి. ఆ రేఖ వాలే మనక్కావలసిన వేగం, అంటే మందు కణంలో చిక్కుబడే నికర వేగం.

మరి అందరికీ ఎందుకు చేయరు? బల్ల మీద గంటసేపు కదలకుండా పడుకోవాలి. "అన్నా, ఇంకెంతసేపు?" అని నడుం నొప్పితో అడిగేవాడికి ఏం చెబుతాం? పైగా పాత పద్ధతిలో మణికట్టు ధమనిలోంచి రక్తం తీస్తూండాలి. ఇప్పుడు బృహద్ధమని బొమ్మలోంచే ఆ గీత రాబట్టొచ్చు, కొంత నయం. జబ్బు ఎక్కడుందో వెతకడానికైతే ఒక్క బొమ్మ చాలు, మోడలింగ్ అక్కర్లేదు. చికిత్స పనిచేస్తోందా అన్నప్పుడే నిల్వ అంకె మోసం చేస్తుంది. రక్తంలో చక్కెర ఎక్కువుంటే అది ఎఫ్‌డీజీకి పోటీ వచ్చి అంకె పడిపోతుంది. గల్ఫ్‌లో షుగరున్నవాళ్లు తక్కువేం కాదు కదా! సూదికీ స్కాన్‌కీ మధ్య వ్యవధి మారినా అంకె మారుతుంది.

కాబట్టి రెండోసారి స్కాన్‌కు వెళ్లేవాళ్లు వీలైతే అదే యంత్రం మీద, సూది వేశాక అంతే వ్యవధికి తీయమని అడగండి. పాత సీడీ వెంట తీసుకెళ్లండి. షుగరు మందుల సంగతి ముందే చెప్పండి.