పగడాల తొట్టెలో తిరిగే నాజిల్

పగడం కదలలేని జీవి. తిండీ, ప్రాణవాయువూ దాని దగ్గరికే రావాలి. ఒంటిమీది జిగురూ మలినమూ నీటితోనే కొట్టుకుపోవాలి. అందుకే పగడాల అక్వేరియంలో ఉప్పు, వెలుతురు ఎంత ముఖ్యమో నీటి కదలికా అంతే ముఖ్యం. తొట్టెలో పట్టే నీటికి 20 నుంచి 40 రెట్ల నీరు గంటలో పంపుల గుండా తిరగాలని పెంపకందారులు లెక్కవేస్తారు. కానీ ఎంత నీరు అన్నది సగం సంగతే. రాత్రీ పగలూ ఒకే దిక్కు నుంచి ధార కొడితే ఎదురుగా ఉన్న పగడం కండ ఊడిపోతుంది, చాటున ఉన్నదాని మీద మడ్డి పేరుకుంటుంది. సముద్రంలో అల వస్తుంది, పోతుంది, దిక్కు మారుస్తుంది. ఆ మార్పును తొట్టెలోకి తెచ్చే పనిముట్టే తిరిగే నాజిల్.

తొట్టెలో నీటిని కదిలించే ఈ విద్యకు వంశావళి చిన్నదే. 1961లో జకార్తాకు చెందిన లీ చిన్ ఎంగ్ జీవమున్న రాళ్లతో, గాలి బుడగలతోనే పగడాలను పెంచిన తీరును రాసి లోకానికి చెప్పాడు. వాషింగ్టన్‌లోని స్మిత్సోనియన్ మ్యూజియంలో వాల్టర్ ఏడీ నీళ్లు నిండగానే బోర్లపడే తొట్లతో అలలు పుట్టించాడు. వీటన్నిటికీ తలమానికం హవాయిలోని వైకీకీ అక్వేరియంలో బ్రూస్ కార్ల్‌సన్ సాధించిన పని. పైన ఒక తొట్టి, అందులో వంచిన గొట్టం, అంతే. నీరు వంపు దాటగానే సైఫన్ లాగుతుంది, తొట్టి మొత్తం ఒక్క ఉప్పెనలా పగడాల మీద కుమ్మరిస్తుంది, గాలి దూరగానే ఆగి మళ్లీ నిండుతుంది. తొట్టిని నింపే పంపు తప్ప మోటారు లేదు, వాల్వు లేదు, కదిలే ముక్క ఒక్కటీ లేదు. నీటి స్వభావం తెలిసిన చెయ్యి మాత్రమే చేయగల పని అది.

తిరిగే నాజిల్ కూడా ఆ కోవలోదే. ఇటలీకి చెందిన హైడోర్ సంస్థ పంపు మూతికి తగిలించే చిన్న నాజిల్‌ను తెచ్చింది. లోపలి చక్రాన్ని పంపు నీరే తిప్పుతుంది, పళ్లచక్రాలు ఆ వేగాన్ని తగ్గిస్తాయి, మూతి నెమ్మదిగా చుట్టూ తిరుగుతుంది. పైపు చివర మోటారు పెట్టి తిప్పే పద్ధతీ ఉంది, నిజమే. కానీ ఉప్పు గాలిలో మోటారు, నీళ్ల పక్కన కరెంటు తీగ ఎందుకు? నీరే తిప్పుకునే నాజిల్ ముందు అది రెండో మెట్టే.

ఇంట్లో చేసుకునే రకానికి పళ్లచక్రాలు కూడా అక్కర్లేదు. పచ్చిక మీద స్ప్రింక్లర్ తిరిగే సూత్రమే చాలు: ధార ఒకవైపు దూకితే మూతి రెండోవైపు నెట్టుకుపోతుంది. పంపు నుంచి దిగే పీవీసీ పైపు చివర బయటివైపు ఒక కట్టు అతికిస్తారు. ఆ కట్టు మీద వేలాడేలా, వదులుగా తిరిగే లావుపాటి పైపు ముక్క తొడుగుతారు. రెండు పైపుల మధ్య సందు అర మిల్లీమీటరు నుంచి ఒక మిల్లీమీటరు. ఆ సందులోంచి కొంత నీరు కారుతుంది, కారనివ్వాలి. నీటిలోపల కారేది నష్టం కాదు, అదే కీలుకు నూనె. పంపు నడిచినంతసేపూ నీరు నాజిల్‌ను కిందికి తోస్తూనే ఉంటుంది. ఆ తోపంతా మోసేది కట్టు మీది టెఫ్లాన్ వాషరు. మంచి పనివాడు దీని దగ్గరే ఎక్కువసేపు కూర్చుంటాడు. ఉప్పు కాగితంతో అంచులు నునుపు చేసి, వేలితో తోస్తే ఆగకుండా తిరిగేదాకా వదలడు.

తొడుగు చివర ధారను మళ్లించే వంపు ముక్కను, అంటే ఎల్బోను, ఇరుసుకు సూటిగా కాక ఓ పది డిగ్రీలు పక్కకు తిప్పి అతికించాలి. ఎక్కువ తిప్పితే గిర్రున తిరిగి ధార బలం చెదిరిపోతుంది. నిమిషానికి రెండు మూడు చుట్లు చాలు. ఇంకా వేగం తగ్గాలంటే తొడుగుకు పీవీసీ రెక్కలు రెండు అతికిస్తే నీరే పట్టి ఆపుతుంది. మూతి వ్యాసం సంగతీ చూసుకోవాలి. గంటకు 1000 లీటర్లు 12 మిల్లీమీటర్ల మూతిలోంచి వస్తే ధార వేగం సెకనుకు దాదాపు 2.5 మీటర్లు. 30 సెంటీమీటర్లు పోయేసరికి అది సుమారు నాలుగోవంతుకు పడిపోతుంది. కాబట్టి మూతికి దగ్గరలో పగడం ఉండకూడదు.

బిగించడానికి వెనక మూలలు రెండూ మేలు. రెండు నాజిళ్ల వేగాలు కొంచెం తేడాగా ఉంటే ధారలు కలిసే చోటు ప్రతి చుట్టుకీ మారిపోతుంది. అప్పుడు చూడాలి ఆ తొట్టె అందం. మెత్తని పగడాల చేతులు ఒకసారి ఇటు, ఒకసారి అటు, కాసేపు ఎటూ కాకుండా ఊగుతాయి. మూతి నీటిమట్టానికి కనీసం ఐదు సెంటీమీటర్ల కింద ఉండాలి, పైకొస్తే గాలి పీల్చి ఉప్పు తుంపర చల్లుతుంది. పైపు బరువు అద్దం మీద పడకుండా కొక్కెం, శుభ్రం చేయడానికి విప్పేలా యూనియన్ అనే పైపు జాయింటు తప్పనిసరి. కరెంటు పోతే నాజిల్ మునిగి ఉన్నంత లోతు నీరు వెనక్కి, పంపు ఉన్న కింది సంపులోకి జారుతుంది. దాన్ని ఆపడానికి నీటిమట్టానికి కాస్త కింద పైపుకు చిన్న రంధ్రం పెట్టి, పంపు ఆపి ఒకసారి పరీక్షించాలి.

ఇంత ఓపికతో చేసే పనిని ఇప్పుడు పేరులేని చౌక నకళ్లు ముంచేస్తున్నాయి. వాటిలో కొన్నిటికి బయటికి కనిపించని లోపలి ఇరుసు మామూలు ఇనుముది, ఉప్పునీటిలో కొన్నాళ్లకే తుప్పు పడుతుంది. ఇత్తడి స్క్రూ పెట్టినదైతే ఇంకా ఘోరం: అందులోని రాగి పగడాలకూ రొయ్యలకూ నత్తలకూ విషం. నాజిల్ నిలిచిపోతే ధార ఒకే పగడం మీద రాత్రంతా కొడుతుంది, తెల్లారేసరికి అక్కడ కండ పోయి తెల్లటి అస్థిపంజరం మిగులుతుంది. ఏళ్ల తరబడి పెరిగిన జీవి అలా పోవడం చూసి ఊరుకోవడం ఎవరి తరమూ కాదు. పీవీసీ, నైలాన్, టెఫ్లాన్, అక్రిలిక్ ఉండగా లోహం జోలికి పోనక్కర్లేదు. దుకాణంలో పెట్టె మీది బొమ్మను కాక విప్పి లోపలి ఇరుసును చూడాలి, విప్పనివ్వని వస్తువును కొనకూడదు.

పగడాల విషయానికొస్తే, భారతదేశంలో రాతి పగడాలను 2001లో వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూల్లో చేర్చారు. వాటిని సముద్రం నుంచి తీయడం, అమ్మడం నేరం. ఉప్పునీటి చేపల తొట్టెలకైతే ఈ నాజిల్ ఇక్కడా పనికొస్తుంది.

నడిచేకొద్దీ కీలులో సున్నపు పెచ్చు కడుతుంది, నాచు పడుతుంది, ఒక్కోసారి చిన్న నత్త దూరుతుంది. తిరగడం మందగించిన రోజే యూనియన్ విప్పి, తెల్ల వెనిగర్‌లో అంతే నీళ్లు కలిపి కొన్ని గంటలు నానబెట్టాలి. పాత టూత్‌బ్రష్‌తో సందు తోమి, మంచినీటితో కడిగి, రెండో నాజిల్ ఆగకముందే మళ్లీ తగిలించాలి.