చారుకు పోపు ఎప్పుడు పెట్టాలి?

చారు మరిగాక దించి, పోపు పెట్టి, వెంటనే మూత వేస్తారు. ఆ పోపును పైపై మెరుగు అనుకునేవాళ్లున్నారు. నా మటుకు చారులో సగం ఆ పోపు గరిటెలోనే ఉంది.

చారులో నాలుక పట్టుకునేది కొంచెమే. చింతపండు పులుపు, ఉప్పు, బెల్లం వేస్తే ఆ కాస్త తీపి. మిరియాల ఘాటు అసలు రుచే కాదు, వేడినీ మంటనూ కనిపెట్టే నరాలకు తగిలే చురుకు. మిగతాదంతా ముక్కు పని. ముక్కుకు దారులు రెండు. మూత తీయగానే గుప్పుమనేది ముందు దారి. ముద్ద మింగుతున్నప్పుడు గొంతు వెనకనుంచి పైకెక్కేది రెండోది. ఈ రెండో వాసన నోట్లోనే పుట్టిందని మెదడు అనుకుంటుంది. రెండు దారుల్లో వాసన వేరువేరుగా అనుభవమవుతుందని అమెరికా మనస్తత్వవేత్త పాల్ రోజిన్ 1982లో విడమరిచి చెప్పాడు. ముక్కు మూసుకుని నాలుగు జీలకర్ర గింజలు నమిలి చూడండి, కాస్త చేదు తగులుతుంది. ముక్కు వదిలితే అప్పుడొస్తుంది జీలకర్ర.

పరిమళమిచ్చే పదార్థాలు చాలావరకు నీళ్లలో కన్నా నేతిలో బాగా కరుగుతాయి. కాగిన నెయ్యి వాటిని తనలోకి లాక్కుంటుంది. చారు తెర్లుతుండగా పోపు వేస్తే అవి ఆవిరితో ఎగిరి వంటిల్లంతా ఘుమఘుమలాడుతుంది, కంచంలోకి మాత్రం తక్కువే వస్తుంది. దించాక పెట్టడమూ, మూత వేయడమూ ఇందుకే.

ఆవాల సంగతి ఇంకా చిత్రం. నీళ్లు చల్లి నూరితే గింజలోని ఒక ఎంజైము పనిచేసి ముక్కుకెక్కే ఘాటు పుడుతుంది. పనసపొట్టు కూరలో పెట్టే ఆవ అదే, అందుకే పొయ్యి మీంచి దించాకే కలుపుతారు. అవే గింజలు కాగిన నూనెలో పడితే ఆ ఎంజైము వేడికి చెడిపోతుంది. ఘాటు పుట్టదు, చిటపటలాడాక వేగిన గింజ కమ్మదనం మిగులుతుంది. ఒకే గింజతో రెండు రుచులు సాధించిన మన వంటవాళ్లది గొప్ప పరిశీలన. ఇంగువదీ ఇలాంటి కథే. పచ్చిగా గంధకపు కంపు, నేతిలో పొంగితే ఉల్లి వెల్లుల్లిని తలపించే వాసన.

చారన్నం నోట్లో పెట్టుకుంటే ముందు పులుపు, ఉప్పు. మింగుతుంటే ఇంగువ, కరివేపాకు. అన్నీ తగ్గాక మిరియం ఇంకా గొంతులో చురుక్కుమంటుంది. నాలుగైదు ముద్దలయ్యేసరికి ముక్కు ఆ పరిమళానికి అలవాటు పడుతుంది. అప్పడమో వడియమో నంజుకుంటే వేరే వాసన తగిలి, తర్వాతి ముద్ద మళ్లీ తెలుస్తుంది.

మిగిలిన చారును రాత్రికి కాచుకునేవాళ్లకు ఒక మాట. పులుపూ ఉప్పూ ఎక్కడికీ పోవు, పోయేది పరిమళమే. మళ్లీ చింతపండు పిండకండి. అర చెంచా నేతిలో జీలకర్ర, ఇంగువ, రెండు రెబ్బల కరివేపాకు వేసి కొత్తగా పోపు పెట్టండి.