ఊహయు సాక్ష్యమును: పో రచించిన ‘మేరీ రొజే రహస్యము’

అపరాధ పరిశోధన కథకు ఆద్యుడని ప్రసిద్ధి చెందిన అమెరికా రచయిత ఎడ్గార్ అలన్ పో (1809–1849) డ్యూపాన్ అను కల్పిత పరిశోధకుని నాయకునిగా నిలిపి మూడు కథలు వ్రాసెను. వానిలో మొదటిది 1841లోను, మూడవది 1844లోను వెలువడి పాఠకలోకపు మెప్పును పొందినవి. నడుమ వచ్చిన ‘మేరీ రొజే రహస్యము’ను మాత్రము పేరు వినినవారే గాని తుదిముట్ట చదివినవారు తక్కువ. అందు సంఘటనలు మిక్కిలి స్వల్పము. ఒక గదిలో కూర్చుండి ఒకడు వార్తాపత్రికల ముక్కలను ముందిడుకొని వాదించుటయే కథలో అధికభాగము. ఐనను విమర్శకునకు ఈ మూడింటిలో ఇదియే ముఖ్యమైనది. ఏలన, తక్కిన రెండు కథలలోని వృత్తాంతములు కల్పితములు. ఈ కథకు మూలమైన యువతి న్యూయార్కు నగరమున నిజముగా జీవించి, ఒక ఆదివారము ఇల్లు వెడలి మరల రాలేదు.

తప్పిపోయిన మనిషిని గూర్చి సంబంధము లేనివారు దూరమున నుండి ఊహలు చేయుట లోకమున ఎన్నడును ఉన్నదే. ఆ ఊహను శాస్త్రమువలె నడిపి, దానికి సాహిత్యరూపమిచ్చి, నిజమును కనుగొంటినని ప్రకటించుకొనుట పో చేసిన సాహసము. అందుచేత ఈ కథను పరీక్షించుటలో ఒక గ్రంథపు గుణదోషములను మించిన ప్రశ్న యొకటి ఇమిడియున్నది: చేత పత్రికలు తప్ప వేరాధారము లేనివాడు ఎంతదూరము పోవచ్చును? ఎచట ఆగవలెను?

మొదట జరిగిన విషయమును తెలిసికొనవలెను. మేరీ రోజర్స్ బ్రాడ్వే వీథిలోని ఒక పొగాకు అంగడిలో పనిచేసి, తన సౌందర్యముచే నగరమునందు పేరుపొందిన యువతి. ఆమె తల్లి నాసో వీథిలో అద్దెకుండువారికి భోజనవసతు లమర్చు ఇల్లు నడుపుచుండెను. 1838 అక్టోబరులో ఒకమారు మేరీ కనబడుటలేదని పత్రికలలో వచ్చినది. కొలది కాలములోనే ఆమె తిరిగివచ్చెను. 1841 జూలై 25వ తేది ఆదివారమునాడు బంధువుల ఇంటికి పోయివచ్చెదనని తనను పెండ్లాడనున్న డేనియల్ పేన్ అను యువకునితో చెప్పి ఆమె బయలుదేరెను. 28వ తేదిని హడ్సన్ నదిలో, హొబోకెన్ తీరము చెంత, ఆమె శవము దొరకెను. మెడపై హింసాచిహ్నములు కనబడినవి.

ఆనాటి న్యూయార్కులో వ్యవస్థీకృతమైన పోలీసు దళము లేదు. అది 1845లో గాని ఏర్పడలేదు. ఆ లోటును పత్రికలు తమకు తోచిన రీతిని పూరించినవి. దుండగుల ముఠా చేసినదని ఒకటి, ఆ శవము మేరీది కానేకాదని మరియొకటి వ్రాసినవి. ఒక నావికుడు నిర్బంధింపబడి విడుదల పొందెను. వేరొకడు ఆ దినమున ఒక యువతితో తిరుగుట చూచితిమని కొందరు చెప్పగా పట్టువడెను. ఆ యువతి వేరొకతె యని, ఆమె సురక్షితముగా నున్నదని తేలినపిదప గాని అతడు బయటపడలేదు. కొంతకాలమునకు వీహాకెన్ దగ్గర, ఫ్రెడెరికా లాస్ అను స్త్రీ నడుపు పానశాలకు సమీపమున, ఒక పొదలో మేరీ వస్తువులు దొరకెను. అక్టోబరు 7వ తేదిని పేన్ ఆ ప్రాంతమునకే పోయి, నల్లమందు ద్రావకము త్రాగి, తన వ్యర్థజీవితమునకు క్షమాపణ కోరు చీటీ నొకదానిని విడిచి మరణించెను.

పో ఆ కాలమున ఫిలడెల్ఫియాలో నివసించుచుండెను. ఏడాది గడువకముందే, 1842 జూన్ 4వ తేదిని, అతడు బోస్టను పత్రికా సంపాదకునొకనికిని, బాల్టిమోరులోని మిత్రునొకనికిని లేఖలు వ్రాసి తన కొత్త కథను అమ్మజూపెను. ఒకరిని 50 డాలర్లు, మరియొకరిని 40 డాలర్లు కోరెను. ముఠా వాదము నిరాధారమని నిరూపించుటయే గాక హంతకుని సైతము సూచించితినని ఆ లేఖలలో చెప్పుకొనెను. తుదకు కథ న్యూయార్కులోని ‘లేడీస్ కంపానియన్’ అను మాసపత్రికలో వెలువడనారంభించెను. మేరీ రోజర్స్ మేరీ రొజే అయ్యెను. న్యూయార్కు పారిస్ అయ్యెను. హడ్సన్ సీన్ నది అయ్యెను. పేర్లు మారినవే గాని వివరములు మారలేదు. అది యెవరి కథయో నాటి పాఠకులకు చెప్పనక్కరలేకపోయెను.

కథయందలి ఉత్తమభాగము ఖండనము. శవము తేలుటకు ఆరు మొదలు పది దినములు పట్టును గావున మూడవనాడు దొరకినది మేరీ కాజాలదని ఒక పత్రిక వాదించెను. మానవదేహపు విశిష్ట గురుత్వము నీటిదానికి ఇంచుమించు సమానమనియు, తేలుట మునుగుట అనేక కారణములపై ఆధారపడుననియు చూపి డ్యూపాన్ ఆ వాదమును కూల్చును. వేలకొలది జనులెరిగిన పడుచు మూడు వీథులు నడచినచో ఎవరును చూడకుండుట అసంభవమని మరియొక పత్రిక చెప్పెను. అట్లు వ్రాసినవాడు తాను నిత్యము ఒకే దారిని కార్యాలయములకు పోవుచు పరిచితులను కలిసికొనువాడు గావున తన అనుభవమునే ఆమెకు అంటగట్టెనని డ్యూపాన్ పసికట్టును. పొదలోని వస్తువులపై బూజు పట్టి చుట్టును గడ్డి మొలచెను గావున అవి వారములకొలది అచట నుండెనని ఇంకొక పత్రిక నిశ్చయించెను. వేడియు చెమ్మయు గల దినములలో గడ్డి ఎంత త్వరితముగా పెరుగునో, బూజు ఎంత స్వల్పకాలమున పుట్టునో అతడు గుర్తుచేయును. ఈ పుటలు నేటికిని చదువదగినవి. వీనియందు డ్యూపాన్ ఎవరినిగూర్చియు కొత్త ఆరోపణ చేయడు, “ఇది నీకెట్లు తెలిసినది?” అని మాత్రమే అడుగును.

ఖండనము ముగిసి నిర్మాణము మొదలైనంతనే కథ కాలుజారును. మొదటి అదృశ్యమునకును రెండవదానికిని నడుమ గడచిన కాలము యుద్ధనౌకల సముద్రయాన కాలమునకు ఇంచుమించు సరిపోవుచున్నదట, కావున మొదట ఆమెను తీసికొనిపోయినవాడే మరల వచ్చెనట, అతడు నౌకాధికారియట. శవముపై టోపీపట్టీ నావికులు వేయు ముడితో కట్టబడెను గావున ఇది దృఢపడెనట. కొట్టుకొనిపోవుచు దొరకిన పడవ యొకటి కలదు గావున దానిని వెదకినచో హంతకుడు చిక్కునట. ఇందలి ప్రతి మెట్టును సంభావ్యమే. కాని సంభావ్యమైన మెట్లను ఒకదానిపై నొకటి పేర్చినకొలది కట్టడము బలహీనపడునే గాని బలపడదు. పత్రికలు మొదటి మెట్టుననే నిశ్చయమును ప్రకటించెనని నిందించిన డ్యూపాన్ తాను నాలుగవ మెట్టున నిలిచి అదియే చేయుచున్నాడు. పైగా కథ అచటనే తెగిపోవును. పడవజాడను పట్టి సాగిన పరిశోధనను విడిచివేయుచున్నామనియు, కోరిన ఫలితము లభించెననియు సంపాదకుల పేర ఒక చిన్న టిప్పణి వచ్చును. లభించిన ఫలితమేదో చెప్పబడదు. చెప్పుటకు లేదు గావుననే చెప్పబడలేదు.

ఇంతలో కాలమే పో ఊహను పరీక్షకు పెట్టెను. 1842 నవంబరు, డిసెంబరు సంచికలలో మొదటి రెండు భాగములు వెలువడినవి. ఆ నవంబరులోనే ఫ్రెడెరికా లాస్ తన కుమారుని చేతి తుపాకి పొరపాటున పేలి గాయపడి మరణించెను. గర్భస్రావపు ప్రయత్నములో మేరీ తన ఇంటనే మరణించెనని ఆమె మరణశయ్యపై చెప్పినట్లు పత్రికలలో వచ్చెను. ఆ వార్త యథార్థత వెంటనే వివాదగ్రస్తమైనది. నేటికిని ఆ మరణరహస్యము తేలలేదు. కాని పో నిశ్చింతగా నుండలేకపోయెను. మూడవభాగము జనవరి సంచికలో రాక 1843 ఫిబ్రవరిలో వచ్చెను. 1845లో కథ గ్రంథరూపమున వెలువడినప్పుడు అచటచట చిన్న మార్పులు కనబడినవి. పానశాల ఇంటిలో జరిగిన ప్రమాదమునకును చోటిచ్చు మాటలు అందు వచ్చి చేరినవి. వానితోపాటు ఒక అధోజ్ఞాపికయు చేరెను: సంఘటన స్థలమునకు దూరమున, పత్రికలే ఆధారముగా ఇది వ్రాయబడెననియు, పిదప వెలువడిన ఇరువురి వాఙ్మూలములు కథలోని నిర్ణయమునే గాక ముఖ్య వివరములను సైతము ధ్రువపరచెననియు దాని సారము. తొలిప్రతిని మలిప్రతిని పోల్చి ఈ సవరణలను 1941లో విమర్శకుడు విమ్సాట్ వెలికిదీసెను. ఊహ తప్పిపోవుట దోషము కాదు. సాక్ష్యము మారినపిదప పాత ఊహను గుట్టుగా సవరించి, మొదటినుండియు అదియే చెప్పితినని పలుకుట దోషము. కథలోని పత్రికలలో డ్యూపాన్ ఎత్తిచూపిన ఏ తప్పును దీనికంటె పెద్దది కాదు.

కథాంతమున ఒక చిత్రమైన వాక్యభాగము కలదు. పాచికలాటలో వరుసగా రెండుమార్లు ఆరులు పడినచో, ఆ కారణముచేతనే మూడవమారు పడవని పెద్ద పందెము కాయవచ్చునని డ్యూపాన్ బోధించును. సామాన్యులు దీనిని నమ్మరని జాలిపడును. ఇందు సామాన్యులదే ఒప్పు. పాచికకు జ్ఞాపకశక్తి లేదు. గడచిన వేతలు రాబోవు వేతను మార్చజాలవు. సంభావ్యతా గణితమును తన ఆయుధముగా చేసికొన్న పరిశోధకుడు ఆ గణితముననే తప్పటడుగు వేయుట, అతని వాగ్ధాటి ఎంతటి లోపమును కప్పిపుచ్చగలదో తెలుపుచున్నది.

కథ కథయే గదా, దానినుండి న్యాయస్థానపు నిష్ఠను కోరుట తగునా యని కొందరు అడుగవచ్చును. కల్పనయైనచో తగదు. కొమ్మూరి సాంబశివరావు సృష్టించిన డిటెక్టివ్ యుగంధర్ ఎవరిని పట్టి ఇచ్చినను ఏ ఇంటికిని కళంకము రాదు. హతుడును హంతకుడును కాగితముమీద పుట్టి కాగితముమీదనే గిట్టుదురు. తెలుగు పాఠకులు ఆ నవలలను ప్రీతితో చదువుటలో ఏ తప్పును లేదు. కాని పో తన కథ నిజమును భేదించెనని తానే చెప్పుకొనెను. సత్యమునకు చెందవలసిన గౌరవమును కోరినవాడు సత్యము విధించు కట్టుబాటునకు లోబడవలెను. ఊహ ఫలించినప్పుడు పరిశోధన యనియు, విఫలమైనప్పుడు కల్పన యనియు తప్పించుకొనుట ఉభయభ్రష్టత్వము.

ఈ కథలో లేనిది మేరీయే. ఆమె దేహపు బరువు కలదు, దుస్తులు కలవు, ముడులు కలవు; ఆమె మాట ఒక్కటియైన లేదు. కుమార్తెను పోగొట్టుకొన్న తల్లి దుఃఖము సూచనామాత్రముగనే వచ్చును. పేన్ కథలో ఒక పాత్రయై, అనుమానమునకు గురియై, మరణించి తప్పుకొనును. ఊహాపరునకు మనుష్యులు లెక్కలోని అంకెలగుట ఇట్లే. తమాషా యేమనగా, పిదప వచ్చిన ఔత్సాహికులలో కొందరు పోనే అనుమానితుల పట్టికలోనికి ఎక్కించిరి. అందుకు సాక్ష్యమేమియు లేదు. పరులకు పన్నిన వలలో అతని పేరును చిక్కెను.

నాటికిని నేటికిని సాధనములు మారినవి. ఎవరేని కనబడని వార్త వెలువడిన కొలది సేపటిలో వారి ఛాయాచిత్రము వేలమంది ఫోనులలో తిరుగును. దానివలన కొందరు ఇల్లు చేరుచున్నారు. ఆ చిత్రము వెంట “ఇంటివారే ఏదో దాచుచున్నారు” అను మాటయు తిరుగును. దానివలన ఎవరును ఇల్లు చేరరు. మొదటిది చూచినది చెప్పుట. రెండవది తోచినది చెప్పుట. వెదకువారికి మొదటిదానితో అవసరము కలదు. రెండవది వారి నెత్తిన మోపిన అదనపు బరువు.

‘మేరీ రొజే రహస్యము’ను త్రోసివేయుట న్యాయము కాదు. పత్రికల తొందరపాటును చీల్చిచూపిన భాగము విమర్శవాఙ్మయమున మంచి పాఠము. తెలిసినదానిని తెలియనిదానినుండి వేరుచేయుట ఎట్లో అది నేర్పుచున్నది. హంతకుని సూచింపబూనిన భాగము, ఆ పాఠమును మరచినవాని గతిని చూపుచున్నది. గురువును శిష్యుడును ఒకే రచనలో, ఒకే మనిషియందు కనబడుటచేత ఈ కథను మొదటినుండి తుదివరకు చదువవలెను.